పోచమ్మ కొట్టంలో మోహిని

పాల్మాకుల శివారులోని రాళ్లగుట్ట కింద మనీషా ఆరు గదుల సొరంగం కట్టింది. ఇటుకా సిమెంటూ పెట్టి కాదు. గుట్ట మొదట్లో చదునుగా ఉన్న బండ మీద ముగ్గు వేస్తే, మర్నాటికి లోపలి రాయి అదే ఆకారంలో తొలుచుకుపోయి గది అయ్యేది. చుక్క పెట్టిన చోట స్తంభం, గీత కలిసిన చోట గోడ, గీత వదిలిన చోట దారి.

ఈ పని ఆమెకు అప్పజెప్పింది మదనవల్లి అనే మోహిని. మోహిని ఇదివరకు ఉన్న గుట్ట ఎప్పుడో కంకరైపోయి రోడ్డు కిందికి చేరింది. కొత్త చోటు వెతుక్కుంటూ ఒక ఉదయం మనీషా వాకిలి ముందు ఆగి, ముగ్గును చాలాసేపు చూసింది. "గీత ఎక్కడా వణకలేదు. నాకు ఇల్లు కట్టిపెడతావా?" అని అడిగింది. భర్త వీరేందర్ కారు తీసుకుని ఎయిర్‌పోర్టుకు పోయాక మనీషాకు పగలంతా ఖాళీయే. సరేనంది.

సొరంగంలో నిధి ఉందని విని కుర్రాళ్లు వచ్చేవారు. ఎవరు ఏది ఎక్కువగా కోరితే మదనవల్లి ఆ రూపంలో ఎదురయ్యేది. ఒకడికి పట్టుచీర కట్టిన సుందరి, ఇంకొకడికి కాలేజీలో మాట్లాడకుండానే పోగొట్టుకున్న పిల్ల. వాళ్లు ఆమె వెంట గది గదీ తిరిగి తిరిగి, కోరిక అరిగిపోయాక, సర్వీసు రోడ్డు పక్కన తేలికైన మనసుతో బయటపడేవారు. ఆ కోరికే సొరంగానికి తిండి. అది లేకపోతే గోడలు నిలవవు. ఏ మోహానికీ లొంగకుండా చివరి గదిలోని రాతి గద్దె ఎక్కినవాళ్లకు సొరంగమూ మోహినీ సొంతమవుతాయి. అంతదాకా ఇంకా ఎవరూ పోలేదు.

మంగళవారం మధ్యాహ్నం పక్కింటి పోచమ్మ తన మేకను వెతుక్కుంటూ సొరంగంలోకి వచ్చింది. మదనవల్లి అలవాటుగా ఎదురైంది. పోచమ్మ కోరుకున్నది ఆమె కళ్లముందు నిలబడింది. నల్లటి మేక, నుదుట తెల్లమచ్చ, నిండు చూడి.

"ఎక్కడ వోయినవే లచ్చీ? ఊరంత తిరిగిన నీకోసం!" అంటూ పోచమ్మ చెవి పట్టుకుని ఇంటికి లాక్కుపోయి కొట్టంలో కట్టేసింది.

సాయంత్రం మొదటి గది కప్పు నుంచి రాతిపొడి రాలడం చూసి, మదనవల్లి కనబడక, మనీషా అడుగుల జాడ పట్టుకుని పోచమ్మ ఇంటికి పరుగున వెళ్లింది. కొట్టంలో మేక ఆమెను చూసి తల తిప్పుకుంది.

"నవ్వావంటే శపిస్తాను," అంది.

మనీషా చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "తాడు తెంపుకొని రారాదక్కా?"

"కోరినవారు వదిలేదాకా కదలలేను. అది మా కట్టుబాటు."

"ఇంతకుముందు ఎవరూ గిట్ల కట్టెయ్యలే?"

"వాళ్లంతా నా వెంట వచ్చినవాళ్లు. నన్ను వెంట తీసుకుపోయింది ఈమె ఒక్కతే." మేక గొంతు తగ్గించింది. "అది కాదు చెల్లీ. రేపో ఎల్లుండో నేను ఈనాలట."

"ఈనలేవా?"

"రూపం తేగలను, ప్రాణం ఎక్కడినుంచి తెచ్చేది? కోరిక తీర్చలేని క్షణాన పొగనైపోతాను. నాతోపాటే నీ గదులూ."

మనీషాకు నవ్వు ఆగిపోయింది. ఇంతలో పోచమ్మ రేగుకొమ్మల మోపుతో వచ్చింది.

"అత్తమ్మా, గిది మేక గాదు. మోహిని," అంది మనీషా సూటిగా.

"మోహినైతేంది, మేకైతేంది? నా కొట్టంల ఈన్తే సాలు." పోచమ్మ కొమ్మలు విదిలించి మేక ముందు వేసింది. "చిర్తపులి కడమవాటినన్నిటిని కొట్కపాయె. గిదొక్కతే మిగిలింది బిడ్డా. మంద మళ్ల లేవాల్నంటె గీ కడుపులున్నదే. నువ్వు ముగ్గులేస్కో పో."

మోహిని బిక్కమొహంతో రేగాకు నమిలింది.

అసలు లచ్చి దొరికితే తప్ప దారి లేదు. మనీషా మర్నాడంతా గుట్ట చుట్టూ, తుమ్మల్లో, కొత్త వెంచర్ హద్దురాళ్ల మధ్య వెతికింది. "చిర్త తిన్నదేమో. పరేషాన్ గాకు," అన్నాడు వీరేందర్ అన్నం కలుపుకుంటూ.

గురువారం పొద్దున ఆమె సొరంగంలోకి దిగింది. రెండో గదిలో స్తంభం పగుళ్లిచ్చింది. నాలుగో గది గోడ ఉప్పు పట్టిన సున్నంలా పెచ్చులూడుతోంది. దారులు మూసుకుపోకముందే తన ముగ్గు సామాను తెచ్చుకుందామని ముందుకు నడుస్తుంటే చివరిదైన ఆరో గది వాకిట్లో కాలికింద ఏదో చితికింది. వంగి చూసింది. మేకపెంటికలు. తాజావి.

లోపల, ఎవరూ ఎక్కని గద్దె మీద, లచ్చి పడుకుని నెమరు వేస్తోంది. దాని పొట్టకు ఆనుకుని ఇంకా తడి ఆరని రెండు పిల్లలు.

గద్దె వెనక మూలనుంచి వెలుతురు పడుతోంది. మనీషా దగ్గరికి వెళ్లి చూసింది. ఆ గది ముగ్గు వేస్తున్న రోజు ఇంట్లో పాలు పొంగుతున్నాయని గుర్తొచ్చి లేచింది. మూలలో గీత జానెడు కలపనే లేదు. అక్కడ రాయి విడిపోయి గుట్ట వెనక పొదల్లోకి దారి అయింది. ఏ మోహమూ ఎదురుపడకుండానే మేక నేరుగా గద్దె ఎక్కింది. దొరికినందుకు సంతోషించాల్సిన సమయంలో కూడా, ఇంత పని చేసి ఆ మూల ఎలా వదిలానని మనీషాకు చిరాకేసింది. తర్వాత పిల్లలను గంపలో పెట్టుకుని బయలుదేరింది. లచ్చి అరుచుకుంటూ వెంటపడింది.

కొట్టంలో పోచమ్మ పొయ్యిమీద నీళ్లు పెట్టి, మేక పొట్ట మీద చెయ్యేసి కూచుంది. "నొప్పులు ఇంక లేస్తలేవేందే?" అంటోంది. మేక గిట్టల దగ్గర సన్నగా పొగ మొదలైంది.

మనీషా గంప దించింది. పోచమ్మ అటు చూసింది, ఇటు చూసింది. నల్లటి మేకలు రెండు. నుదుట మచ్చలు రెండు.

"అత్తమ్మా, గిదే నీ లచ్చి. సొరంగంల గద్దె మీద ఈనింది గూడ. గా తాడు ఇప్పు."

పోచమ్మ లచ్చి మెడతాడు కూడా అందుకుంది. "ఎందుకిప్పాలె? దేవుడు రెండిచ్చిండు. రెండూ నాయే."

"అది బతకదత్తమ్మా! పొగ వస్తున్నది, చూడు!"

"నా కొట్టంల ఏదీ సావది," అంది పోచమ్మ మొండిగా. రెండు తాళ్లూ పిడికిట్లో బిగించింది. మోహిని కళ్లు మూసుకుంది. పొగ మోకాళ్లదాకా ఎక్కింది.

గంపలోంచి ఒక పిల్ల తడబడుతూ లేచి, దగ్గరున్న మేక కిందికి దూరింది. పొదుగు అందుకుంది. లాగింది. ఏమీ రాలేదు. తలతో కుమ్మి మళ్లీ లాగింది. తర్వాత సన్నగా, ఆగకుండా ఏడ్చింది.

ఆ ఏడుపుకు పోచమ్మ ముఖం మారింది. "అయ్యో, ఎండిన పొదుగు పట్టుకున్నవా బిడ్డా?" పిల్లను ఎత్తి లచ్చి కింద పెట్టబోతే మోహిని అడ్డమొచ్చింది. "జరుగవే నువ్వు, పాలు లేనిదానివి! పో, పో!" అంటూ దాని తాడు వదిలేసి, వీపు మీద చరిచి పక్కకు నెట్టింది.

పిల్ల నోటికి పాలు తగిలాయి. ఏడుపు ఆగింది.

గోడవారగా పట్టుచీరలో ఒక స్త్రీ నిలబడి ఉంది. రాజులు రాజ్యాలు వదిలిన అందం. జడలో రేగాకులు.

పోచమ్మ ఆమెను కిందనుంచి పైదాకా చూసింది. "మొన్నటిసంది నా చేత మెడ గోకిచ్చుకున్నది నువ్వేనా?"

మదనవల్లి తల దించుకుంది. "అవునమ్మా."

"సిగ్గు లేకుండ మెడ సాపుతివి గదనే!"

"ఇంతకుముందు ఎవరూ గోకలేదమ్మా," అంది మోహిని మెల్లగా.

పోచమ్మ ఆమె దగ్గరికి పోయి జడలోని ఆకులు ఏరిపారేసింది.

మదనవల్లి చేతులు కట్టుకుంది. "మీ మేక గద్దె ఎక్కిందమ్మా. కట్టుబాటు ప్రకారం ఇక సొరంగం మీది. నేనూ మీదాన్నే. ఏం కావాలో కోరండి."

మనీషా పోచమ్మ వైపు తిరిగింది. ముసలమ్మ బంగారం అడిగితే? పోయిన మేకలన్నీ కావాలంటే?

పోచమ్మ పాలు తాగే పిల్లలనే చూస్తోంది. "బంగారం నేనేం జేస్కుంట? చిర్త రాని జాగ గావాలె. రాత్రిపూట మేకలను మీ సొరంగంల తోల్త. ఎన్నయినా పట్టాలె, మంద పెరుగుతది."

"అంతేనా?"

"అంతే. నువ్వు నీ పని జేస్కో. నాకెందుకు."

మదనవల్లి ముఖంలో రెండు రోజుల తర్వాత వెలుగు వచ్చింది. "చిరుత వస్తే రానివ్వండి. దానికీ ఏదో ఒక కోరిక ఉంటుంది కదా. తెల్లారేదాకా గదులన్నీ తిప్పుతాను."

ముగ్గురూ గుట్ట దగ్గరికి నడిచారు. పైనుంచి విమానం ఒకటి కిందికి దిగుతూ పోయింది. లోపల గోడలు అప్పుడే రాలడం మానాయి. మనీషా బండను కొంగుతో తుడిచి, ఏడో గదికి చుక్కలు పెట్టి, వాకిలికి చోటు వదిలి గీత గీసింది.

"గంత సన్నగనా? చూడి మేకలు పడ్తయా గండ్ల?" అంది పోచమ్మ.

మనీషా ఆ గీతను అరచేత్తో చెరిపేసి, ఇంకో రెండు చుక్కలంత చోటు వదిలి, వెడల్పుగా మళ్లీ మొదలుపెట్టింది.