గుడి పక్కా, కుడి పక్కా

ఇల్లు అమ్ముదామని అనుకున్నప్పటి నుంచి మా ఇంట్లో ఏ వస్తువూ దాని చోట ఉండడం లేదు. అటక మీదవి నట్టింట్లోకి దిగాయి, నట్టింట్లోవి వసారాలోకి జరిగాయి. సున్నం కొట్టేవాళ్ళు వచ్చి వెళ్ళాక బియ్యం డబ్బా మంచం కింద దొరికింది, చీపురు పూజ అలమరలో దొరికింది. మా అమ్మ కోకిల రోజూ పొద్దున నన్ను లేపి మొదట అడిగే మాట ఒకటే.

"ఉప్పు యాడ పెట్నావు మే?"

నేను పెట్టలేదు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు.

మాది తిరుత్తణి దగ్గర కే.జీ.కండిగై అనే తమిళ దేశపు ఊరు. తూర్పు ముఖం ఇల్లు. మధ్యలో పొడుగ్గా నట్టిల్లు, దానికి అటు రెండు గదులు, ఇటు రెండు గదులు. ఉత్తరం వైపు నాయన, అమ్మ, నేను ఉంటాం. దక్షిణం వైపు మా అత్త సరసమ్మ ఉంటుంది. నాయనకు అక్క. మామ పోయిన ఏడాది, అంటే నేను ఒకటో తరగతిలో చేరిన ఏడాది, పుట్టింటికి వచ్చేసింది. దక్షిణం గోడ పక్కనే సందు, సందుకు అవతల పొన్నియమ్మ గుడి. అత్త గదికి ఆ సందులోకి ఒక తలుపు ఉంది. ఆ గడపలో కూర్చుని పూలు కట్టి అమ్ముతుంది. ఆ తలుపే ఆమెకు అంగడి, ఆమెకు అన్నం.

ఇల్లు అమ్మాలన్న ఆలోచన నా వల్లే వచ్చింది. తిరువళ్ళూరు దాటాక ఒక కంపెనీలో పని చేస్తున్నాను. ఊరి నుంచి తిరుత్తణికి బస్సు, తిరుత్తణి నుంచి తిరువళ్ళూరుకు రైలు, అక్కడి నుంచి కంపెనీ వ్యాను. మళ్ళీ సాయంత్రం అదే వరస.

"దినానికి ఆరు బండ్లు ఎక్కి దిగతా ఉండాది బిడ్డ" అన్నాడు నాయన ఒక రోజు. "మన సగం అమ్మేసి తిరువళ్ళూరులో స్టేషన్ దగ్గర చిన్న ఇల్లు చూసుకుందాం."

నేను వద్దనలేదు. నిజం చెప్పాలంటే ఆ రాత్రి సంతోషంగా నిద్రపోయాను.

కొనడానికి తిరువళ్ళూరు నుంచి కన్నన్ అనే ఆయన వచ్చాడు. ఆయనకు టిఫిన్ హోటళ్ళు ఉన్నాయి. ఇల్లు మొత్తం చూడలేదు. గుడి సందులోకి వెళ్ళి అత్త తలుపు ముందు నిలబడి, అటూ ఇటూ జనం వచ్చే దారి చూసి, "ఈ పక్కం అయితే రేపే అడ్వాన్సు. ఆ పక్కం నాకు వద్దు" అన్నాడు. అత్త ఆయన కాళ్ళ దగ్గరే కూర్చుని మల్లెలు కడుతోంది. తల ఎత్తలేదు.

నాయన చెడ్డవాడు కాదు. అత్తను లేచి వెళ్ళమని అనలేదు. "అక్కా, మనం ఇన్నేండ్లు ఎవురికి యాడ వీలయితే ఆడ ఉండినాం. మన నాయన రాసిన కాగితం ఉండాది గదా. దాంట్లో ఎట్ల ఉంటే అట్ల చేసుకుందామా?" అన్నాడు.

"సరి" అంది అత్త. "నాయన రాసినాక ఇంకేముండాది రాజూ."

తాత మునిస్వామి రాసిన ఆ కాగితం పాత పట్టాల మధ్య దొరికింది. బడి పిల్లల నోటుబుక్కులోంచి చింపిన ఒక పుట. నాయన కాసేపు దాన్ని చూసి నా చేతికి ఇచ్చాడు. ఆయనకు తమిళం చదవడం వచ్చు, కానీ అది తమిళం కాదు. తాత మాట్లాడింది తెలుగు, నేర్చుకున్నవి తమిళ అక్షరాలు. తమిళ అక్షరాలతో తెలుగు రాశాడు. మా ఊరి బడిలో అయిదో తరగతి దాకా తెలుగు ఒక పాఠంగా ఉండేది కాబట్టి, మా ఇంట్లో రెండూ కూడబలుక్కుని చదవగలిగేది నేనే.

అందరూ నట్టింట్లో కూర్చున్నారు. నేను చదివాను. "పావి ఇద్దరికీ."

"పావా?" అంది అమ్మ. తమిళంలో పావి అంటే పాపిష్టి మనిషి. "ఎవురంట ఇద్దరికీ కలిపి ఒకే పాపి?"

"ఇంకెవురు, నువ్వే" అన్నాడు నాయన. అత్త నవ్వింది.

"బావి" అని సర్దాను. తమిళంలో పకూ బకూ ఒకటే అక్షరం. కకూ గకూ కూడా ఒకటే. ఏది అనుకోవాలో మాటను బట్టి నోరే తేల్చుకోవాలి.

తరువాతి వరస చదివాను. "గుడి పక్క ఇల్లు సరసుకు. మిగిలింది రాజుకు."

అత్త తల ఊపి మళ్ళీ పూల మీదికి వంగింది. నాయన ముందుకు వంగి కాగితం మీద వేలు పెట్టాడు. తరువాత అన్నాడు.

"ఇంకోసారి చదువు మే. అది గుడేనా? కుడి అని కూడా చదవచ్చా?"

నేను కాగితం దగ్గరగా పెట్టుకుని చూశాను. "చదవచ్చు నాయనా."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

నాయన లేచి వీధిలోకి వెళ్ళాడు. ఇంటి వైపు తిరిగి నిలబడి కుడి చెయ్యి చాపాడు. అది ఉత్తరం వైపు, మేము ఉంటున్న గదుల వైపు చూపించింది. "కుడి అంటే ఇదో, ఈ పక్క. ఇదే అక్కది అవుతాది. కోయిలు పక్క నాది" అని ఎడమ చేత్తో గుడి వైపు చూపించాడు.

అమ్మ గడపలోకి వచ్చి వీధి వైపు తిరిగి నిలబడింది. "నేను ఈడ నిలబడితే నా కుడి సెయ్యి కోయిలు పక్కకు గదా పోతాది? వీధిలో నుంచి చూసేదానికి నువ్వేమన్నా పోస్టుమేనువా?"

"కొనేవాడు వీధిలో నుంచే చూస్తాడే."

"రాసినాయన కొనేవాడి కోసరమా రాసినాడు?"

వాళ్ళు అట్లా అనుకుంటూ ఉండగా నేను గడప దాటి బయటికి వెళ్ళాను, తిరిగి లోపలికి వచ్చాను. తిరిగినప్పుడల్లా నా కుడి చెయ్యి ఇంకో పక్కకు పోయింది. మర్నాడు కంపెనీలో కుడి ట్రేలో పెట్టాల్సిన బోర్డులు ఎడమ ట్రేలో పెట్టి సూపర్‌వైజరు చేత తిట్లు తిన్నాను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అత్త పరుపు చుట్ట, ట్రంకు పెట్టె, రెండు బిందెలు, పూల తట్ట అన్నీ నట్టింట్లో ఉన్నాయి. సందు తలుపు మూసి గడియ పెట్టి ఉంది.

"ఏందత్తా ఇది?"

"యా పక్కో తేలినాక ఆ పక్కకు పోతాను మే. రెండు తూర్లు మొయ్యలేను గదా. ఇది మధ్యలో ఉండాది, ఎవురిదీ కాదు."

"పూలు?"

"రెండు దినాలు కట్టకపోతే సామి అలుగుతాదా?"

సామి అలగలేదేమో గానీ, సందు తలుపు మీద ఎవరో ఒకరు తట్టి, పేరు పెట్టి పిలిచి, వెళ్ళిపోతూనే ఉన్నారు. తట్టినప్పుడల్లా అత్త లేవబోయి కూర్చునేది. ఉత్తరం వైపు గదులకు సందులోకి తలుపు లేదు. ఆ గదులు ఆమె వంతుకు వస్తే, పూలు తీసుకుని తిరుత్తణి బస్టాండుకు పోవాలి. అక్కడ ఎవరి చోటు వాళ్ళది. యాభై ఎనిమిదేళ్ళ కొత్త మనిషికి ఎవరూ జరిగి చోటివ్వరు. ఈ మాట అత్త అనలేదు. వంటింట్లో అమ్మ నాతో అంది, అని వెంటనే, "అయినా నువ్వు ఆరు బండ్లు ఎన్నాళ్ళు ఎక్కుతావు" అని కూడా అంది.

నాకు ఎటూ పాలుపోలేదు. కుడి అని చదివితే, అది తాత రాసినందుకా, తిరువళ్ళూరు స్టేషన్ పక్కన నాకో ఇల్లు కావాలన్నందుకా? గుడి అని చదివితే, అది నిజమనా, అత్త మొహం చూడలేకనా? రైల్లో కూర్చుని ఆ వరసను మనసులో పదిసార్లు చదివేదాన్ని. ఒకసారి గుడి అనిపించేది, అరక్కోణం దాటాక కుడి అనిపించేది.

బుధవారం నేను సెలవు పెట్టాను. అందరం తిరుత్తణిలో పత్రాలు రాసే ఎలుమలై గారి దగ్గరికి వెళ్ళాం. మొదట అక్కాతమ్ముళ్ళ భాగాల పత్రం రాయాలి, తరువాతే అమ్మకం. కన్నన్ కూడా వచ్చాడు. ఒకే గది, ఒక ఫ్యాను, అయిదు ప్లాస్టిక్ కుర్చీలు, బల్లకు అవతల ఎలుమలై గారి పాత చెక్క కుర్చీ. ఆయనది తమిళం, తెలుగు కొంచెం వచ్చు.

ఆయన కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం చదివాడు. "కుడి పక్క... ఎన్నమ్మా ఇదు? యారు కుడిచ్చాంగ?"

తమిళంలో కుడి అంటే తాగు అని. ఎవరు తాగారని అడుగుతున్నాడు. కన్నన్ పగలబడి నవ్వాడు. "తాగుబోతు పక్క ఇల్లు సార్!"

నేను తెలుగులో ఏమిటో, ఎందుకు రెండు రకాలుగా చదవచ్చో చెప్పాను. ఎలుమలై గారు పెన్ను కింద పెట్టాడు.

"నేను తమిళంలో రాయాలి. కోయిల్ పక్కమా, వలదు పక్కమా? రెండూ రాసేదానికి లేదు. ఎవరైనా ఒక మాట చెప్పండి."

కోయిల్ పక్కం అంటే గుడి వైపు, వలదు పక్కం అంటే కుడి వైపు. నాయన నా వైపు చూశాడు. నేను అత్త వైపు తిరిగాను.

"అత్తా, తాత ఎప్పుడన్నా గుడి అనేవాడా? పొన్నియమ్మది చెప్పేటప్పుడు?"

అత్త ఆలోచించింది. చాలాసేపు ఆలోచించింది. అవునంటే చాలు, అంతటితో అయిపోతుంది. ఆమెకు అది తెలుసని నాకు అనిపించింది.

"గుడి అని అనలేదు మే" అంది. "మనమెవురం అంటాం? కోయిలనే గదా అంటాం. ఆయనా కోయిలనే అంటుండె."

నాయన కుర్చీలో ముందుకు జరిగాడు. కన్నన్ ఫోను బయటికి తీశాడు. అత్త చెప్పింది నిజం. గుడి అన్న మాట నేను బడి పుస్తకంలో చదువుకున్నది. మా ఇంట్లో ఎవరి నోటా వినలేదు. మరి నేను మొదటిసారి చదివినప్పుడు అది నా నోటికి ఎట్లా వచ్చింది?

"సరి, అప్పుడు కుడి" అన్నాడు ఎలుమలై గారు. "కుడి అంటే ఎక్కడి నుంచి కుడి? పెద్దాయన రాసేటప్పుడు ఎక్కడ నిలబడి ఉన్నాడు?"

"నిలబడలేదు సార్" అంది అత్త. "నట్టింట్లో మంచం మీద పడుకోనుండె. లేచే ఓపిక యాడుండె ఆయనకు? కాగితం కింద అట్ట నేను పట్టుకుంటే పడుకోనే రాసినాడు."

"తల ఏ పక్క?"

"దక్షిణం పక్క."

ఎలుమలై గారు పెన్ను బల్ల మీద పడుకోబెట్టి, మూత దక్షిణానికి తిప్పి, దాని కుడి చెయ్యి ఎటు వస్తుందో వేలితో చూపించాడు. "తూర్పు. వీధి."

"రోడ్డు రాసిచ్చినాడా అక్కకి?" అన్నాడు కన్నన్. "అది గవర్నమెంటుదమ్మా, రిజిస్టర్ కాదు!"

అందరం నవ్వాం. అందరికంటే ఎక్కువ అత్తే నవ్వింది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. నాయన కూడా నవ్వి, కళ్ళు తుడుచుకుని, నవ్వు ఆగాక నాతో మెల్లగా అన్నాడు.

"నువ్వు చదువు మే. నువ్వేది చదివితే అదే."

కాగితం మళ్ళీ నా చేతికి వచ్చింది. మధ్యలో మడత పడి ఆ వరస కొంచెం చెరిగింది, కానీ ఆ అక్షరం బాగానే ఉంది. ఎంతసేపు చూసినా అది ఒకటే అక్షరం. అత్త చెప్పిన దాన్నిబట్టి కుడే అయి ఉండాలి. కుడి అయితే గడపలో నిలబడితే ఒకటి, వీధిలో నిలబడితే ఒకటి, మంచం మీద ఇంకొకటి. మాట్లాడేటప్పుడు కోయిలు అనే మనిషి రాసేటప్పుడు గుడి అని రాయకూడదా? నేను జాబు రాసినా ఉంది అని రాస్తాను గానీ, నోటితో అన్నట్టు ఉండాది అని రాయను కదా. ఇట్లా ఒకదాని మీద ఒకటి వచ్చి పడుతుంటే కాగితం బల్ల మీద పెట్టేశాను. ఎవరో నా నోటితో అన్నట్టు వినిపించింది.

"కోయిల్ పక్కం, సార్. సరసమ్మది కోయిల్ పక్కం."

"అప్పిడియా, అట్లనా?" అన్నాడు కన్నన్. నాయన వైపు చూశాడు. నాయన కాగితం వైపే చూస్తున్నాడు. "ఆ పక్కం నాకు వద్దని మొదటే చెప్పినాను గదా, కోపం వద్దు" అని లేచి, చెప్పులు వేసుకుని వెళ్ళిపోయాడు.

ఎలుమలై గారు రాయడం మొదలుపెట్టాడు. దిక్కులు, కొలతలు, సందు, బావి. అత్త నా మోచేతిని పట్టుకుని చెవి దగ్గరికి వంగింది.

"ఆయన కోయిలనే అంటుండె మే. నాకు బాగా గురుతు."

"రాసేటప్పుడు వేరేగా రాసి ఉంటాడత్తా."

"రాసి ఉంటాడా?"

"తెలీదు."

అత్త చెయ్యి తీయలేదు. ఎలుమలై గారు పుట తిప్పి, కింద ఒక ఖాళీ గీత మీద వేలు పెట్టి నా ముందుకు తోశాడు. అత్త వేలిముద్ర వేసే మనిషి కాబట్టి, పాత కాగితాన్ని ఆమెకు చదివి అర్థం చెప్పింది ఎవరో పత్రంలో ఉండాలట. అక్కడ నా సంతకం కావాలట.

"రేపు ఎవరైనా అడిగితే చదివింది నువ్వని ఉంటుంది" అన్నాడు.

"నాయనా, పెట్టాల్నా?" అని అడిగాను.

"నువ్వే గదా చదివినావు" అన్నాడు నాయన.

ఆ మాట కోపంతో అన్నాడో, పెట్టమని అన్నాడో ఆయన మొహం చూసినా నాకు తెలియలేదు. ఆయనకైనా తెలుసో లేదో. టీ చెప్తానని లేచి గుమ్మంలోకి వెళ్ళి, వెనక్కి తిరిగి మమ్మల్ని ఒక్కొక్కరినీ చూస్తూ లెక్కపెట్టాడు. అమ్మను, అత్తను, నన్ను, ఎలుమలై గారిని, తనను. తరువాత కన్నన్ కూర్చున్న ఖాళీ కుర్చీని కూడా లెక్కపెట్టి, "ఆరు టీ" అని ఎదురు అంగడికి కేక వేశాడు.

కన్నన్ వెళ్ళిపోయాడని ఎవరూ ఆయనకు చెప్పలేదు. నేను గీత మీద నా పేరు రాశాను.