రంపం దగ్గరి చోటు

రంపం తిరుగుతుండగానే కోతమేస్త్రి కూలబడ్డాడు. సగం తెగిన ఆస్బెస్టాస్ రేకు రంపానికి వేలాడుతూ గీపెట్టింది. పక్కవాళ్ళు ముందు రేకుని పట్టుకున్నారు, తరవాత మనిషిని. రేకు విరిగితే కూలిలో కోస్తారు. మనిషి విరిగితే ఎవరికీ ఏమీ కొయ్యరు.

ఫ్యాక్టరీలోనే ఆస్పత్రి అని బోర్డు తగిలించిన గదిలో బల్ల మీద పడుకోబెట్టారు.

కబురు అందగానే కొడుకూ, బావమరిదీ వచ్చారు. పరిగెత్తుకొచ్చారనడానికి లేదు. కొడుకు గడ్డం గీసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, తల నున్నగా దువ్వుకుని వచ్చాడు. పెళ్ళిచూపులకి బయల్దేరినట్టున్న కొడుకుని చూసి కోతమేస్త్రికి నవ్వొచ్చింది. నవ్వితే దగ్గొచ్చింది. ఆ దగ్గు ఆసాంతం విని బావమరిది తృప్తిగా తలాడించాడు.

"బాగా ముదిరింది బావా," అన్నాడు, పండిన చేను చూసినవాడిలా.

ఆ పనివాళ్ళ వాడలో అది కొత్త కాదు. ఫ్యాక్టరీ బయటివాళ్ళని పనిలోకి తీసుకోవడం ఎప్పుడో మానేసింది. పనిలో ఉండగా మనిషి చస్తే, లేదా ఇక పనికిరాడని డాక్టరు తేల్చి, దానికి ఆ మనిషి సరేనంటే, ఆ చోటు కొడుక్కి ఇస్తుంది, సగం జీతానికి. యజమాని దాన్ని దయ అన్నాడు. వాడవాళ్ళు నమ్మి దండం పెట్టారు. తనంతట తాను మానేసినవాడి చోటు మాత్రం ఎవరికీ రాదు. అలా మానేసిన వెర్రివాడు ఇంతవరకూ లేడు. పిల్లనిచ్చేవాళ్ళు కుర్రాడి చదువు అడగడం మానేసి తండ్రి దగ్గు వినడం మొదలుపెట్టారు. ఉత్త పొడిదగ్గయితే ఇంకా ఆగాలి. మాట మధ్యలో ఆయాసం వస్తే పెళ్ళి దగ్గరపడ్డట్టే.

డాక్టరు వచ్చాడు. పొగ తాగడం మానెయ్యమని ఏళ్ళ తరబడి చెబుతున్నవాడు ఆయనే. జన్మలో పొగ ముట్టని మనిషికి అంతకన్నా తేలికైన వైద్యం ఇంకేముంటుంది? కోతమేస్త్రి భార్యకీ ఇదే దగ్గు పట్టుకున్నప్పుడు ఆ మాట కూడా అనలేకపోయాడు. ఆమె ఫ్యాక్టరీ గడప తొక్కలేదు. రోజూ సాయంత్రం గుమ్మంలో మొగుడి చొక్కా విప్పించి, దులిపి, ఉతికేది. ఆ తెల్లటి దుమ్ము కళ్ళల్లో పడితే తుడుచుకునేది. ముక్కులోకి పోయిందాన్ని ఎలా తుడుచుకుంటుంది? ఊపిరితిత్తుల పొరకి క్యాన్సర్ వచ్చి ఆమె చనిపోయింది. రేకుల దుమ్ము వల్లే వచ్చిందని పెద్దాస్పత్రిలో చెప్పారు. "మా దగ్గర పనిచెయ్యని మనిషికి మా జబ్బెలా వస్తుంది?" అని ఈ డాక్టరు గద్దించాడు. మా జబ్బు అని తన నోటితోనే ఒప్పుకున్న సంగతి ఆ చదువుకున్న బుర్రకి తట్టలేదు.

ఇవాళ ఆయన గొట్టం రొమ్ముకి ఆనించకుండానే తేల్చేశాడు.

"ఊపిరితిత్తులు పోయాయి. పనికిరాడని రాసేస్తాను. సరేనా?"

"దేనివల్ల పోయాయి?" అన్నాడు కోతమేస్త్రి.

"పొగ వల్ల."

"ఎవరు తాగిన పొగ?"

బావమరిది అడ్డమొచ్చాడు. "ఇప్పుడెందుకు బావా ఆ లెక్కలు? సరే అను. నోటికాడి కూడు కాలదన్నుకుంటామా?"

"వాడి నోటికాడికొచ్చేది కూడు కాదురా, దుమ్ము. మీ అక్క తిన్నదే."

"అక్క రాత అంతే. దానికి వీణ్ణెందుకు ఎండగట్టడం?"

కొడుకు గొంతు సవరించుకున్నాడు. "దుమ్ము అందరూ పీలుస్తున్నారుగా నాన్నా. అందరూ పోయారా ఏంటి?"

"పోయినోళ్ళు వచ్చి చెప్పరుగా."

"నేను మూతికి గుడ్డ కట్టుకుంటాలే."

"నేనూ కట్టుకున్నా. ఆ గుడ్డ కూడా మీ అమ్మే ఉతికింది."

డాక్టరు గోడ గడియారం వైపు చూశాడు. భోజనం వేళయింది మరి.

"సరే అనను," అన్నాడు కోతమేస్త్రి.

బావమరిది నవ్వాడు. "అనకు. పనిలో ఉండగా పోయినా ఆ చోటు వీడిదేగా. కాస్త ఆలస్యం, అంతేగా బావా!"

కొడుకు నేల చూశాడు. అవేం మాటలు మావయ్యా అని అడగలేదు. కోతమేస్త్రి ఆ మాట కోసం కాసేపు కాచుకున్నాడు. ఆ తరవాత బల్ల దిగాడు.

"అయితే మానేస్తా. రాజీనామా ఇచ్చేస్తా."

"పిచ్చెక్కిందా? పైసా రాదు నీకు! వీడికి చోటూ రాదు!"

"అందుకే."

మేనేజరు గది ఆవరణకి అవతలి వైపుంది. ఆరోగ్యవంతుడికి అది నాలుగడుగులు. కోతమేస్త్రి గోడ పట్టుకుని, గోడ అయిపోయాక రేకుల దొంతరలు పట్టుకుని, అవీ అయిపోయాక తన మోకాళ్ళే పట్టుకుని నడిచాడు. పనివాళ్ళు చేతులు ఆపి చూశారు. "కొడుకు పొట్ట కొట్టకు మేస్త్రీ!" అని ఒకడు అరిచాడు. వాడి తండ్రి నిరుడు పోయాడు. వాడు నిలబడి ఉన్నది ఆ తండ్రి చోటులోనే.

కొడుకు సాయం పట్టబోతే బావమరిది వాడి రెక్క పుచ్చుకుని వెనక్కి లాగాడు. "ఊరుకోరా. ఈ ఎండలో ఎంతదూరం పోతాడు?" గొంతు తగ్గించే శ్రమ కూడా తీసుకోలేదు.

ఇక్కడ పడి ప్రాణం పోతే పనిలో ఉండగా పోయినట్టే. చోటు కొడుక్కి దక్కుతుంది. కాబట్టి పడకూడదు. భార్య పోయాక బతకడానికి ఇంత గట్టి కారణం కోతమేస్త్రికి దొరకలేదు.

మేనేజరు గది ముందు ఎత్తైన మెట్లున్నాయి. కింది మెట్టు దగ్గర కోతమేస్త్రి ఆగిపోయాడు. ఊపిరి లోపలికి పోవడం లేదు. వెనక్కి తిరిగి, మేనమామతో పాటు వెనకాలే వచ్చిన కొడుకు వైపు చెయ్యి చాచాడు.

"పట్టుకోరా. ఎక్కించు."

కొడుకు ఆ చేతిని చూశాడు. మేనమామని చూశాడు. కదల్లేదు.

కోతమేస్త్రి చెయ్యి దించేశాడు. మెట్టు మీద కూర్చున్నాడు. వెనకనున్న మెట్టుకి అరచేతులు ఆనించి ఒంటిని పైకి లాక్కున్నాడు. కాసేపు రొప్పాడు. కొడుకు మొహంలోకి చూస్తూనే, ఇంకో మెట్టు వెనక్కి ఎక్కాడు.