శౌరయ్య గడియారానికి కొత్త కేసు

గవర్నర్‌పేటలో కాశిం చెయ్యి పడితే చచ్చిన గడియారమైనా లేచి కూర్చుంటుందని పేరు. అయితే ఆయనకో చాదస్తం ఉంది. వెండిదో బంగారుదో మరమ్మతుకొస్తే, లోపలి మిషను మాత్రం ఉంచుకుని పైకేసు అక్కడికక్కడే సొంతదారు చేతిలో పెట్టేస్తాడు. దొంగలు పడితే ఎవరు జవాబు చెప్తారంటాడు. చివరికి ఆ చాదస్తమే ఆయన మెడకు చుట్టుకుంది.

1998 వేసవిలో ఉయ్యూరు నుంచి తెరేసమ్మ అనే పెద్దావిడ వచ్చి బల్ల మీద ఆయన కొట్టు చీటీ ఒకటి విసిరింది.

"మా ఆయన చొక్కా జేబులో దొరికింది. శౌరయ్య, వెండి గడియారం అని రాసుంది. ఇదేంటండీ సాయిబు గారూ? ఆ గడియారం నా చేత్తో నేనే ఆయన మణికట్టుకి పెట్టాను. దాంతోనే సమాధి చేశాం. మూడు నెలలైంది."

శౌరయ్య పోయాడన్న సంగతే కాశింకి తెలియదు.

"అయ్యో! మీరు పెట్టింది వట్టి కేసండీ అక్కయ్య గారూ. చెయ్యి బోసిగా ఉంటే బాగోదని ఆయనే అంటే, పాడైపోయిన మిషనొకటి పెట్టిచ్చాను. అసలుది నా దగ్గరే ఉంది."

సొరుగులోంచి మిషను తీసి, కీ ఇచ్చి బల్ల మీద పెట్టాడు. టిక్కుటిక్కుమంటూ అందుకుంది. తెరేసమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"ఇదే చప్పుడండీ! చప్పుడు లేదేంటయ్యా అని ఆయన్నడిగితే కీ ఇవ్వలేదన్నాడు. ఆ వారమే గుండె నొప్పొచ్చి పోయాడు. ముప్పై ఏళ్ళు ఈ గడియారం పెట్టుకున్న చెయ్యే నాకు తలగడ. ఆయన పోయాక కన్ను మూతపడితే ఒట్టు. డాక్టరు మాత్రలిచ్చాడు, ఫాదర్ గారు ప్రార్థన చేశారు. ఏం లాభం? ఇలా ఇచ్చెయ్యండి, దిండు కింద పెట్టుకుంటా."

"కేసు లేకుండా ఎలాగండీ? దుమ్ము పడితే ఆగిపోద్ది, నలిగితే ముళ్ళు విరుగుతాయి. పది రోజులాగండి."

అనడమైతే అన్నాడు గానీ, దొరకద్దూ! ఇప్పటివన్నీ పలచటి బ్యాటరీ గడియారాలు. ఇదేమో పూర్ణంబూరెలా లావు. దీన్ని చేసిన కంపెనీ ఎప్పుడో మూతపడింది. కాశిం కాలికి బలపం కట్టుకుని తిరిగాడు. వన్‌టౌన్‌లో పాత సామాన్ల కొట్లు, బందరు, గుడివాడ, ఏలూరుల్లో తెలిసిన మరమ్మతుదారులు, ఎవర్నీ వదల్లేదు. ఒక కేసు ఇరుకు, ఒకటి వదులు. అచ్చంగా సరిపోయిందనుకున్న ఒక్కదానికి లోతు చాలక మూత పడలేదు.

"దొరకలేదని చెప్పెయ్యరాదూ?" అంది భార్య నసీమా.

చెప్పడానికి నోరెలా వస్తుంది? తన చాదస్తమే లేకపోతే గడియారం గడియారంలా కొట్లో భద్రంగా ఉండేది.

పదో రోజు పొద్దున్నే తెరేసమ్మ దిగింది. మనిషి సగమైపోయింది.

"దొరకలేదండీ," అన్నాడు తలెత్తకుండా.

ఆవిడ స్టూలు మీద కూలబడి, రొంటిన దోపుకున్న డబ్బా తీసి, చిటికెడు పొడుం పీల్చి కొట్టు అదిరేలా తుమ్మింది. ఆ తుమ్ముకు తలెత్తిన కాశిం, డబ్బా వంక చూసి అలాగే ఉండిపోయాడు. గుండ్రటి ఇత్తడి డబ్బా. నొక్కితే పడే గట్టి మూత. లోతు కూడా సరిగ్గా మిషనుకు కొలిచినట్టుంది.

"ఏదీ, అదిటివ్వండి! చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికామండీ మనం!"

"మరి నా పొడుమో?"

"పొట్లం కట్టుకోండి."

"పారబొయ్యండి. ఎటూ ఆ వాసన ఆయనకు గిట్టేది కాదు."

డబ్బా కడిగి, తుడిచి, కీ పుల్లకు పక్కన కన్నం వేసి, మిషను కదలకుండా లోపల ఇత్తడి కట్టు బిగించేసరికి మధ్యాహ్నమైంది. కీ ఇచ్చి, మూత వేసి ఆవిడ చేతిలో పెట్టాడు.

తెరేసమ్మ చెవికానించుకుంది. కళ్ళ నీళ్ళు జలజలా రాలాయి.

"ఎంత పని చేశావయ్యా! నేనక్కడ సమాధి మీద పడి ఏడుస్తుంటే, నువ్విక్కడ సాయిబు గారి సొరుగులో కూర్చున్నావా?" అని మొగుణ్ణి తిట్టిపోసింది.

కాశిం లేచి పనిముట్లు సర్దాడు, చేతులు కడుక్కున్నాడు. వెనక్కి తిరిగేసరికి ఆవిడ గాజుబీరువాకి తల ఆన్చి, డబ్బా చెవి కింద పెట్టుకుని గుర్రు పెడుతోంది. బయట సిటీ బస్సులు, ఆటోలు హారన్లతో చెవులు చిల్లులు పొడుస్తున్నాయి. ఆవిడ కదిలితే ఒట్టు.

"బ్యాటరీ మార్చాలి కాశిం గారూ!" అంటూ ఎవరో గట్టిగా కేకేస్తూ వచ్చాడు.

కాశిం ఎదురెళ్ళి అతణ్ణి గుమ్మంలోనే ఆపేశాడు.

"రేపు రండి బాబూ. మా అక్కయ్య గారు పడుకున్నారు."