పాడైన తాళంచెవుల డబ్బా

తాళాల మేస్త్రికి ఓ అలవాటుంది. తాళంచెవి అరగదీసేటప్పుడు దాని పళ్ళ కొలత తప్పితే దాన్ని పారేయడు, పాత బిస్కెట్ల డబ్బాలో పడేస్తాడు. ఎప్పటికైనా పనికొస్తుందని పిసినారి ఆశ. ఆ డబ్బాయే కొంప ముంచుతుందని కలగన్నాడా పాపం!

మేడింటావిడ బంగారు గాజులు పోయాయి. బీరువా తాళం మాత్రం చెక్కుచెదరలేదు. దానికి కిందటి నెల మారు తాళంచెవి చేసిందెవరు? మేస్త్రి. అతని డబ్బాలో ఏముంది? నూట నలభై తాళంచెవులు. ఇంకేం, వీధికి దొంగ దొరికిపోయాడు.

ఎస్సై ఆ డబ్బాను బీరువా ముందు బోర్లించి ఒక్కొక్కటీ పెట్టి చూశాడు. మధ్యాహ్నం దాకా తిప్పితే వేళ్ళు వాచాయి గానీ ఒక్కటీ పట్టలేదు.

"అన్నీ చెడిపోయినవే సార్. పట్టవు గనకే డబ్బాలో ఉన్నాయి," అన్నాడు మేస్త్రి.

"మరి పట్టేది ఎక్కడ దాచావు?" అంది మేడింటావిడ.

లేనిదాన్ని లేదని చూపించడం ఎవరి తరం! మూడు రోజులు అతన్ని స్టేషన్ బల్ల మీద కూర్చోబెట్టారు.

మూడో రోజు గాజులు ఆవిడ సొంత తమ్ముడి బ్యాగులో, ఆ మారు తాళంచెవితో సహా దొరికాయి. ఆవిడ స్టేషన్‌కు పరుగెత్తుకొచ్చింది. మేస్త్రికి క్షమాపణ చెప్పడానికనుకునేరు, ఫిర్యాదు వెనక్కి తీసుకోవడానికి.

"అక్క వస్తువు తమ్ముడు తీసుకున్నాడు. దాన్ని కూడా దొంగతనమంటారా ఎవరైనా?"

"చట్టం అంటుందమ్మా," అని నసుగుతూనే ఎస్సై కాగితం చించేశాడు. "నీ మీదేం లేదయ్యా, ఇంటికెళ్ళు," అన్నాడు మేస్త్రితో.

వీధి మొదట్లో ఆ తమ్ముడు దర్జాగా టీ తాగుతున్నాడు. "ఏం బాబూ, ఎప్పుడొచ్చావు?" అని అందరూ పలకరిస్తున్నారు. మేస్త్రి కనబడగానే మాటలు ఆగిపోయాయి. ఒకావిడ చేతిసంచీని చంకలోకి లాక్కుంది.

"ఊరికే పట్టుకెళ్తారా? నిప్పు లేనిదే పొగ రాదు," అన్నారెవరో వెనక నుంచి.

పోనీలే, ఇంట్లో మనిషి ఉంది కదా అనుకున్నాడు.

"ఆ వీధి నోట్లో మన్ను పడ! మీ సంగతి నాకు తెలీదూ?" అంటూ భార్య కళ్ళనీళ్ళు పెట్టుకుని అన్నం వడ్డించింది. అతని ప్రాణం కుదుటపడింది. తిని చెయ్యి కడుక్కుని, తువ్వాలు కోసం లోపలిగదిలోకి వెళ్ళాడు.

ఆమె పెట్టెకు పెళ్ళయిన ఏడాది అతను తన చేత్తో చేసిన తాళం ఉండేది. ఇప్పుడది లేదు. బజారులో కొన్న కొత్త తాళం వేలాడుతోంది.

అరనిమిషం చాలు అతనికి దాన్ని తెరవడానికి. చెయ్యి మాత్రం ముందుకు రాలేదు.

"దీని తాళంచెవి ఏదే?" అని అడిగాడు.

గుమ్మంలో నిలబడ్డ ఆమె చెయ్యి గబుక్కున రొంటిన దోపిన తాళంచెవి మీదికి పోయింది.

"ఎందుకండీ?" అంది.

స్టేషన్ బల్ల మీద మూడు రోజులూ రాని ఏడుపు మేస్త్రికి అప్పుడొచ్చింది.