ఊరి దీపాలకి వేరే తీగ

మా ఆయన ఇంట్లో ఒక గదంతా బొమ్మ రైళ్లతో నింపేశారు. పట్టాలు ఆయనవి, అట్టముక్కలతో కట్టిన ఊరు నాది. నా ఇళ్ల దీపాలకి కూడా కరెంటు ఆ పట్టాల నుంచే లాగారు. ఇంజను పట్టాలు తప్పితే చాలు, షార్ట్ అయి, పట్టాలకి కరెంటు పంపే కంట్రోలర్ పెట్టె అన్నీ ఆపేసేది. రైలుతో పాటు నా ఊరూ చీకటైపోయేది.

"తప్పు మీ రైలుది, శిక్ష నా ఊరికా?" అని ఓసారి గట్టిగానే అడిగాను. నోరు ఊరుకోక ఇంకో మాట కూడా అనేశాను. "ఇంట్లోనూ మీ వరస అంతే. ఆఫీసులో ఏదైనా తేడా వస్తే ఇక్కడ మీ నోట మాట రాదు."

ఆ ఆదివారమంతా ఆయన పట్టాలున్న బల్ల కింద వెల్లకిలా పడుకుని, దీపాలకి వేరే అడాప్టరు పెట్టి, వేరే తీగలు లాగారు. తర్వాత కావాలనే ఇంజన్ని పట్టాలు తప్పించారు. రైలు ఆగింది. నా ఊళ్లో ఒక్క దీపమూ ఆరలేదు.

మర్నాడు సాయంత్రం ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చారు. ఇక నాలుగు రోజులు మౌనవ్రతమే అనుకుని కూర తరుగుతూ కూర్చున్నాను.

ఆయన బ్యాగు పడేసి, నా పక్కకి స్టూలు లాక్కున్నారు.

"ఆఫీసులో పెద్ద గొడవైంది. అది తర్వాత చెప్తాలే గానీ, నువ్వు టీ తాగావా?"