మెమరీలో ఆమె వాటా

రేవిన్ బ్రెడ్ ముక్కల్లో చీజ్ పెట్టి పద్నాలుగో డజను చీజ్ రోల్స్ చుట్టేసి, వెన్న అంటిన చేతులు ఏప్రన్‌కు తుడుచుకుని కంప్యూటర్ తెర చూసింది. ఇన్‌స్టాల్ ముప్పై ఒక్క శాతం. గంట క్రితమూ అంతే.

రగ్బీ క్లబ్ పిల్లల జెర్సీల కోసం అమ్మడానికి ఇరవై అయిదు డజన్లు ఇస్తామని మాటిచ్చినవాడు భర్త గ్లెన్. చుడుతున్నది రేవిన్. న్యూజిలాండ్ దక్షిణ కొసనున్న ఈ ఇన్వర్‌కార్గిల్‌లో ఏ మంచిపనికి చందాలు పోగవ్వాలన్నా ఎవరో ఒక ఆడమనిషి ఇలా వంటబల్ల ముందు నిలబడాల్సిందే.

సాయంత్రం అయిదుకల్లా ఆమె విండోస్‌కు బదులు లినక్స్ మీద నడిచే ఒక సర్వర్ సిద్ధం చేసి కాలేజీకి పంపాలి. పంపితే సర్టిఫికెట్, తను పనిచేసే ఓడరేవు ఆఫీసులోనే కంప్యూటర్ల విభాగంలో ఉద్యోగం. లేకపోతే పంతొమ్మిదేళ్లుగా కూర్చుంటున్న రిసెప్షన్ కుర్చీయే. ఇంట్లో కంప్యూటర్ ఒక్కటే. "నా విండోస్ జోలికి మాత్రం పోకు" అన్నాడు గ్లెన్. అందుకే వర్చువల్ మెషీన్: అతని విండోస్ లోపలే, ఒక చిన్న కిటికీలో, వేరే కంప్యూటర్ ఉన్నట్టు లినక్స్‌ను నమ్మించి నడపడం. "యాభై దాటాక ఈ చదువులేంటమ్మా, హాయిగా అల్లికలు చేసుకోక" అని అత్తగారు నోలీన్ నవ్వింది.

ఇన్‌స్టాల్ కదలడం లేదని ఫోన్ చేస్తే కాలేజీ టీచర్ సెఫా అడిగింది. "ఆ వర్చువల్ మెషీన్‌కు మెమరీ ఎంతిచ్చావు?"

"ఒక జీబీ."

"కంప్యూటర్‌లో ఎంతుంది?"

"ఎనిమిది."

"అయ్యో తల్లీ, మిగతా ఏడూ ఎవరికి? కనీసం సగమైనా ఇవ్వు!"

ఒకటి చాలని గ్లెన్ చెప్పలేదు. ఎవరూ చెప్పలేదు. అంకె అడిగిన చోట రేవిన్ వేలే, ఆలోచించకుండా, అన్నిటికంటే చిన్నదాని మీద ఆగింది. వేపుడులో మాడిన ముక్క తన పళ్లెంలో వేసుకున్నట్టు, కారులో వెనక సీటు ఎక్కినట్టు. ముప్పై ఏళ్లుగా అదే వేలు.

వర్చువల్ మెషీన్ ఆపింది. తెరమీద మెమరీ గీతను నాలుగు దాకా లాగింది. ఒక్క క్షణం ఆగి, అయిదుకు జరిపింది. మళ్లీ మొదలుపెట్టింది. పది, ఇరవై, ముప్పై రెండు, నలభై...

ముందుగదిలోంచి కేక. ఆ కంప్యూటర్ నుంచే టీవీకి వైరు వేసి మ్యాచ్ చూస్తున్నాడు గ్లెన్. "రేవ్! బొమ్మ ఆగాగి వస్తోంది! ఏం చేశావు?"

"నాక్కావలసినంత తీసుకున్నాను. మ్యాచ్ రేడియోలో వస్తోంది, విను."

"మరి రోల్స్?"

"ఇంకా పదకొండు డజన్లున్నాయి. రేడియో వింటూ చుట్టొచ్చు. వెన్న బల్లమీదుంది," అంటూ రేవిన్ ఏప్రన్ విప్పి అతని చేతికిచ్చి, కుర్చీ తెర ముందుకు లాక్కుంది. "అయిదింటి దాకా నేను ఈ ఇంట్లో లేననుకో."