రెండు ఫేసులు, నాలుగు ఫేసులు

"గోవిందరావుగారూ, మళ్లీ చదవండి," అంది కస్తూరమ్మ, ఇంకు పెన్ను ఎత్తి పట్టుకుని.

"సిగ్నల్‌కి రెండు ఫేసులు." గోవిందరావు కాంట్రాక్టు కాగితం తిప్పాడు. "సిగ్నల్‌కి నాలుగు ఫేసులు."

"రెండా, నాలుగా?"

ఆయన కాగితం ఆమె ముందుకి జరిపాడు.

కస్తూరమ్మ ఒక రోడ్ల కాంట్రాక్టరు ఆఫీసులో ట్రేసరు. ఇంజనీరు పెన్సిలుతో గీసిన నక్షా మీద పల్చటి కాగితం పరిచి, ఇంకుతో దిద్ది, పేర్లు రాయడం ఆమె పని. పెళ్లయి బరంపురం నుంచి జంషెడ్‌పూర్ వచ్చాక ఎన్నో రోడ్లు గీసింది గానీ, పని జరిగే చోటికి ఒక్కసారీ వెళ్లలేదు. డెబ్బై తొమ్మిదిలో ఆ కాంట్రాక్టరుకి మొదటిసారి ట్రాఫిక్ సిగ్నల్ పని వచ్చింది. కద్మా నుంచి వచ్చే రోడ్డూ, జుగ్సలాయి నుంచి వచ్చే రోడ్డూ కలిసే నాలుగు రోడ్ల చౌక్‌లో.

ఆమె కాగితం అందుకుని చూసింది. ఇంగ్లీషులో రెండు పక్కనున్న మాట పి అక్షరంతో మొదలైంది, నాలుగు పక్కనున్నది ఎఫ్‌తో.

"టైపు తప్పు," అన్నాడు గోవిందరావు. ఆయన సైటు సూపర్‌వైజరు. "రెండే. రెండు దీపాల పెట్టెలు. స్తంభాలకి గుంతలు కూడా తవ్వించేశాను."

"పలికితే ఒకలాగే ఉన్నాయి. రాస్తే వేరు. ఏదని రాయను?"

అడుగుదామంటే ఇంజనీరు కలకత్తా వెళ్లాడు. కస్తూరమ్మ పెన్ను మూత పెట్టేసి, "నేనూ చౌక్ దాకా వస్తాను," అంది.

ఆయన సైకిలు మీద, ఆమె రిక్షాలో వెళ్లారు. అక్కడ ఎలక్ట్రీషియన్ అసిరయ్య కేబులు చుట్ట విప్పుతున్నాడు. పలాస వైపు మనిషి.

"బాబాయ్, రెండు ఫేసులంటే నువ్వేమనుకున్నావు?"

"ఏటనుకుంతాను తల్లీ? కరెంటు ఫేసులే. రెండు లైన్లు లాగమన్నారని దానికి సరిపడా వైరు తెచ్చినాను."

గోవిందరావు నవ్వాపుకోలేకపోయాడు. "నేను పెట్టెలనుకుంటే నువ్వు వైర్లనుకున్నావా?"

కస్తూరమ్మకి మాత్రం పట్టుదల పెరిగింది. చౌక్ మధ్య దిమ్మె మీద కానిస్టేబులు చెయ్యి చాపాడు. కద్మా వైపు స్కూటర్లు ఆగాయి, జుగ్సలాయి లారీలు కదిలాయి. కాసేపటికి అటు ఆపి ఇటు వదిలాడు. అతను నీళ్లు తాగడానికి పక్కకి వచ్చినప్పుడు, ఇదేం లెక్క అని హిందీలో అడిగింది.

"ఏక్ బారీ ఇధర్, ఏక్ బారీ ఉధర్, బహన్‌జీ," అన్నాడతను.

బారీ అంటే వంతు. ఇటొకటి, అటొకటి. రోడ్లు నాలుగు వైపులా ఉన్నా వంతులు రెండే. అతను మళ్లీ దిమ్మె ఎక్కాక ఆమె ఇంకోటి గమనించింది. అతని వీపు వైపు నిలిచిన లారీ డ్రైవరు, తన వైపు వదిలాడో లేదో తెలియక హారన్ మోగిస్తున్నాడు.

"గోవిందరావుగారూ, వంతులు రెండు. చూసేవాళ్లు నాలుగు వైపులా ఉన్నారు. ఒక్కో వైపుకీ ఒక్కో మొహం కావాలి కదా? పి మాట వంతుకేమో, ఎఫ్ మాట మొహానికేమో."

"మరి నా కరెంటు ఫేసు?" అన్నాడు అసిరయ్య.

"అదీ పి మాటే అనుకుంటాను బాబాయ్. అందుకే చిక్కు."

గోవిందరావు తవ్విన రెండు గుంతల వైపూ చూశాడు. "నువ్వన్నదే నిజమైతే ఇంకో రెండు తవ్వాలి."

ఇంజనీరు తిరిగొచ్చి అంతా విని, నిజమే అన్నాడు. "మరి రెండే తవ్వమన్నదెవరు?"

"నేనేనండీ," అన్నాడు గోవిందరావు.

నాలుగు స్తంభాలూ లేచాయి. దీపాలు వెలిగించిన రోజు కస్తూరమ్మ సెలవు పెట్టి చౌక్‌కి వచ్చింది. కద్మా వైపు పచ్చ వెలిగింది. ఒక్క బండీ కదల్లేదు. అందరూ టీకొట్టు దగ్గర నిలబడ్డ కానిస్టేబులు చేతి వైపే చూస్తున్నారు. అసిరయ్య ముందున్న రిక్షావాలా దగ్గరికెళ్లి, "హరా హో గయా, చలో భయ్యా," అని పచ్చ దీపం చూపించి భుజం తట్టాడు. రిక్షా కదిలింది, వెనకే స్కూటర్లు.

పచ్చ పోయి పసుపు వెలిగింది. అది ఆరాక, ఒక్క క్షణం నాలుగు వైపులా ఎరుపే ఉంది.

"ఇది ఎవరి వంతు?" అంది కస్తూరమ్మ.

"ఎవరిదీ కాదు. మధ్యలో చిక్కినవాళ్లు దాటిపోడానికేమో," అన్నాడు గోవిందరావు.

"దానికీ కాంట్రాక్టులో ఒక పేరుండాలి."

"ఉండే ఉంటుంది. నాకు తెలీదు."

ఇంజనీరు రోడ్డుకి అవతల ఉన్నాడు. తమ ముందు పోయే బండ్లకి ఎరుపు పడేదాకా ఆగి, ఇద్దరూ ఆ పేరు అడగడానికి దాటారు.